మంత్రగత్తె కథ, ఐదో భాగం

అది 2002. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య ఒక ఊళ్లో చిన్న శాఖా గ్రంథాలయం నా చేతిలో ఉండేది. ఊరి పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే తప్పు నాది, ఊరిది కాదు. ముందు ఒక చదువుకునే గది, దాని వెనక పుస్తకాల బీరువాలున్న గది, ఇంకా వెనక ఒక వసారా. పొద్దున షాబాద్‌లో బస్సెక్కి, చేవెళ్లలో దిగి ఇంకో బస్సు పట్టుకుని వచ్చేవాణ్ని. మళ్లీ సాయంత్రం అదే దారి. సొంత ఊరికి బదిలీ కోసం రెండేళ్లుగా అర్జీలు పెడుతూ ఉన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఏడాదికో ఇంజనీరింగ్ కాలేజీ లేచేది. నిన్నటిదాకా జొన్న వేసిన చేలో ఇవాళ కాలేజీ బోర్డు కనిపించేది. ఊళ్లో ఎవరి నోట విన్నా కంప్యూటర్ మాటే. పేపర్లో ఉద్యోగాల పేజీ పదింటికల్లా మాయమయ్యేది. నేను ఎన్నిసార్లు అరిచినా ఆ పేజీ చింపుకుపోయేవాళ్లు చింపుకుపోతూనే ఉండేవారు. జిల్లా నుంచి వచ్చే పుస్తకాల పెట్టె నిండా కంప్యూటర్ నేర్చుకునే పుస్తకాలే వచ్చేవి. ఆ ఏడు వాటి అడుగున, ఎవరు ఎంపిక చేశారో తెలియని ఒక బొమ్మల కథ ఆరు భాగాలు వచ్చింది. ఒక మంత్రగత్తె కథ. అట్ట మీద తెల్లజుట్టు విరబోసుకున్న ముసలిది, ఎర్రటి కళ్లు, వెనక మంటలు.

మా పనిలో కొత్త పుస్తకం వస్తే ముందు యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కిస్తాం. అంటే ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇచ్చి, అది మనదేనని రాసుకోవడం. తర్వాత మొదటి పేజీ మీద గ్రంథాలయం ముద్ర వేస్తాం. ఎవరైనా ఆ పేజీ చింపేసినా పుస్తకం మనదని తెలియడానికి లోపల ఇంకో పేజీ మీద కూడా వేస్తాం. దాన్ని సీక్రెట్ పేజీ అంటారు. మా దగ్గర అది పదిహేడో పేజీ. ఆ ఆరు పుస్తకాల్లోనూ పదిహేడో పేజీ తీసి, ముద్ర సరిగా పడిందో లేదో చూసి మూసేశాను. లోపల నేను చూసింది అంతే.

పిల్లలు ఆ పుస్తకాల మీద విరుచుకుపడ్డారు. ఒకడు తెచ్చిచ్చేలోపు ముగ్గురు కాచుకుని ఉండేవారు. వెనక అతికించే డేట్ స్లిప్, అంటే తిరిగి ఇవ్వాల్సిన తేదీ ముద్ర వేసే చీటీ, నెలలోనే నిండిపోయి రెండోది అతికించాల్సి వచ్చింది. నాకు సంతోషమే. నెల నెలా పైకి పంపే నివేదికలో పాఠకుల సంఖ్య బాగా కనిపించేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అంతమ్మ వచ్చింది. వయసు యాభై ఐదు దాకా ఉంటుంది. మనిషి ఒక్కతే ఉండేది. మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో ఆడపిల్లల హాస్టల్ ఊడ్చే పని. పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేది. గడప దగ్గరే నిలబడి, లోపల పేపరు చదువుతున్న మగవాళ్లను చూసి, నన్ను సైగ చేసి బయటికి పిలిచింది.

"సారు, పెద్ద పెద్ద అచ్చరాలున్న పుస్తకం ఏదన్న ఉన్నదా?"

"మనవల కోసమా అవ్వా?"

"నాకే. నవ్వకున్రి."

నేను నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నట్టు ఆమెకు తెలిసే ఉంటుంది. సంగతి ఏమిటంటే, హాస్టల్ గేటు దగ్గర కూర్చునే ఆమె దసరా తర్వాత పని మానేస్తున్నది. గేటు దగ్గర ఫోన్ ఉంటుంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే, గోడకున్న పట్టికలో ఆ అమ్మాయి పేరు వెతికి, ఏ గదో చూసి పిలవాలి. గేటు వాళ్ల కోసమని వార్డెనమ్మ ఆ పట్టిక తెలుగులోనే రాయించింది. అది చదవగలిగితే ఆ కుర్చీ అంతమ్మకే ఇస్తానని మాట ఇచ్చింది.

"కూసునే పని సారు. మోకాళ్లు వంగుతలేవు. మూడంతస్తులు ఎక్కి దిగి ఊడ్వాలంటే ఏడుపొస్తున్నది. అచ్చరాలు తెలుసు నాకు, ఎన్కట రాత్రి బడిల నేర్పిండ్రు. ఒత్తులకాడ్నే బండి ఆగుతది."

బీరువాలో చేతికి అందిన వాటిలో అన్నిటికంటే పెద్ద అక్షరాలున్నది మంత్రగత్తె కథ. మొదటి భాగం ఇచ్చాను. ఏదో ఆలోచించి ఇచ్చానని చెప్పుకోను. మగవాళ్ల మధ్య కూర్చోలేనంటే వెనక వసారాలో పీట వేశాను.

ఆమె పైకే చదివేది. నోటితో పలకకపోతే అక్షరం నిలవదు అనేది. "ఓ... రీ... మూ... ర్ఖు... డా" అని ఒక్కొక్కటే లాగి, చివర మొత్తం కలిపి గట్టిగా అరిచేది. "భ... స్మం... చే... స్తా" అన్నరోజు లోపల పేపరు చదివేవాళ్లు ఉలిక్కిపడ్డారు. నేను వెళ్లి, "అవ్వా, మంత్రాలు బాగనే వంటబడుతున్నయి గదా" అన్నాను. ఆమె పడి పడి నవ్వింది.

"ఈమెకు నోరే బలం సారు. నా లెక్కనే ఒక్కతే ఉంటది. ఎవడొచ్చినా బెదిరిచ్చి ఎల్లగొడ్తది."

నెలన్నరలో నాలుగు భాగాలు అయ్యాయి. మొదటిది పూర్తి చేయడానికి మూడు వారాలు పడితే నాలుగోది ఐదు రోజుల్లో ముగించింది. ముగించిన రోజు వసారాలోంచి లేచి నేరుగా చదివే గదిలోకే వచ్చేసింది, మగవాళ్లున్నారన్న సంగతే మరిచిపోయి.

"సారు, ముసల్దాని గుడిసెకు అగ్గివెట్టిండ్రు! లోపల ఉన్నదో బయటవడ్డదో చెప్పకుండనే ఆపేసిండ్రు. ఐదోది ఇయ్యున్రి జల్ది."

ఐదో భాగం ఎవరో పిల్లవాడి దగ్గర ఉంది. తిరిగి రావాల్సిన తేదీ ఇంకా నాలుగు రోజులు. ఆగమన్నాను. అప్పటిదాకా నాలుగోదే మళ్లీ చదువుకుంటానని తీసుకుపోయింది.

ఆ నాలుగు రోజుల్లోనే అది జరిగింది. వసారాకు ఒక కిటికీ ఉంది, దాని అవతల బడి ప్రహరీ. ఆమె చదివేది పిల్లలు కిటికీలోంచి వింటున్నారని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది. అట్ట మీది మంత్రగత్తె కథలో ఏ మాటలు అంటుందో అవే మాటలు ఈ ముసలమ్మ వసారాలో కూర్చుని సాగదీసి అంటుంటే, వాళ్లకు అది చదవడమని తోచలేదు. మంత్రమని తోచింది. ఒకరోజు ఆమె తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని, ఆ పుస్తకమే చంకలో పెట్టుకుని ప్రహరీ పక్క నుంచి వస్తుంటే ఒక పిల్ల కేక పెట్టింది. తర్వాత రాళ్లు. ఒకటి నుదుటి మీద పడింది.

అటుగా వస్తున్న పాత సర్పంచ్, మా గ్రంథాలయం కమిటీ పెద్ద రాంరెడ్డి పటేలు జీపు ఆపి, పిల్లలను చెదరగొట్టి, అంతమ్మను చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. మూడు కుట్లు పడ్డాయి. మందుల చీటీ కూడా ఆయనే తీసుకుని వెళ్లి మందులు తెచ్చాడు. ఆయన్ను ఇందులో చెడ్డవాణ్ని చేసి చూపించడం నాకు సులువే, కానీ అది అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం గ్రంథాలయానికి వచ్చినప్పుడు ఆయన అంగీ మీద ఆమె నెత్తురు మరకలు ఉన్నాయి.

"గిట్లాంటి పుస్తకాలు పిల్లలకు ఎవడియ్యమన్నడు సారు? ఐతారం మీటింగు పెడుతున్న. తీసేసుడే."

ఆదివారానికి ముందు రోజు అంతమ్మ వచ్చింది. నుదుటికి పట్టీ, దాని మీద కొంగు, తిరిగి ఇవ్వడానికి చేతిలో నాలుగో భాగం.

"పుస్తకాలు తీసేస్తరంట, నిజమేనా?"

"కమిటీ ఎట్లంటే అట్ల అవ్వా."

"అయితే నేనొచ్చి చెప్త. దెబ్బ తగిలింది నాకు గదా."

"వద్దు. పెద్దోళ్లందరు ఉంటరు, మాట మాట పెరుగుతది. నీ బదులు నేను చెప్త."

"నా పేరు పెట్టే చెప్పున్రి. ముసల్ది మంత్రాలు చదువుతలేదు, చదువు నేర్చుకుంటున్నది అని చెప్పున్రి. నవ్వితే నవ్వనీ. పిల్లలకు గూడ గదే చెప్పున్రి, భయం పోతది. ఐదోది మాత్రం పోనియ్యకున్రి."

చెప్తానని మాట ఇచ్చాను.

ఆదివారం చదువుకునే గది నిండిపోయింది. బల్ల మీద ఆరు పుస్తకాలూ వరసగా పెట్టాను. ఐదోది కూడా తిరిగి వచ్చేసింది. ఒక్కరు కూడా ఒక్కటీ తెరవలేదు. అట్టలు చూసి, తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకు అందించారు.

రాంరెడ్డి పటేలు ముందు మాట్లాడాడు. "సినిమాకు సెన్సారు ఉన్నది. దీనికేది? అచ్చేసినోడు అచ్చేసిండు, పంపినోడు పంపిండు, మన పిల్లలు సదువుకొని ఒక ఆడమనిషి తల పలగ్గొట్టిండ్రు. రేపు సచ్చిపోతే ఎవడు జవాబుదారి?"

బడిలో సైన్సు చెప్పే విజయ టీచర్ లేచింది. "పటేలా, బాణామతి అన్న మాట ఈ పుస్తకం రాకముందు మన దిక్కు లేదా? ముసలి ఒంటరోళ్లను ఆ పేరు పెట్టి కొట్టింది ఏ పుస్తకం చూసి? పుస్తకం నాకియ్యండి. తరగతిల కూసోబెట్టి అందరితోటి చివరిదాక చదివిస్త. ఇది బొమ్మ, అది మనిషి అని చెప్త. తీసేస్తే దాసుకొని సదువుతరు, అప్పుడు చెప్పెటోళ్లు గూడ ఉండరు."

"ఉన్నది టీచరమ్మా, ఎందుకు లేదు? బాణామతి ఉన్నది. మా నాయిన కాలంల ఉన్నంత ఇప్పుడు లేదు, మాసిపోతున్నది. మాసిపోయేదాన్ని మళ్ల రంగులేసి పిల్లల చేతిల పెట్టుడు ఎందుకంట?"

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరిది పూర్తిగా తప్పో చెప్పలేను. పక్క ఊరు ముడిమ్యాల నుంచి వచ్చిన ఒక తండ్రి, తన కూతురు దెయ్యం భయంతో దీపం లేనిదే పడుకోవడం లేదని చెప్పాడు. ఇంకొకరు బీరువాలో పెట్టి తాళం వేసి, అడిగిన పెద్దవాళ్లకు మాత్రమే ఇస్తే సరిపోతుందన్నారు. ఆ మాటకు చాలామంది తల ఊపారు. అప్పుడు పటేలు నా వైపు తిరిగాడు.

"సారు, ఈ పిల్లల పుస్తకం పెద్దోళ్లు ఎవరన్న తీసుకపోతరా? మీరే చెప్పాలె."

అంతమ్మ పేరు నా నాలుక మీదే ఉంది. ఆమె చదువు విన్న పేపరు పాఠకులు కూడా నేనే చెప్పాలన్నట్టు నా వైపే చూశారు. అది చెబితే చాలు, బీరువా తాళం దగ్గర తీర్పు ఆగిపోయేది. కానీ ఆ వారమే పటేలు నా బదిలీ కాగితం పట్టుకుని జిల్లాలో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఎదురు చెబితే ఏమవుతుందో అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమెను వసారాలో కూర్చోబెట్టింది నేను, ఆ పుస్తకం ఆమె చేతికి ఇచ్చింది నేను. ఆమె పేరు చెబితే కథంతా నా దగ్గరికే వస్తుంది.

"పిల్లలే తీసుకపోతరు పటేలా. కమిటీ ఎట్లంటే అట్ల చేస్త" అన్నాను.

విజయ టీచర్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆమెకు అంతమ్మ చదువు సంగతి తెలియదు. అయినా పుస్తకాలు చూసుకునేవాడు పుస్తకం తరఫున ఒక్క మాట కూడా అనలేదేమని ఆ చూపు. తీసేయాలని తీర్మానం అయింది.

గ్రంథాలయంలోంచి పుస్తకం తీసేయడాన్ని విత్‌డ్రాయల్ అంటారు. దానికి ఒక ఫారం ఉంటుంది. కారణం రాసే చోట మూడే గడులు: చిరిగిపోయినవి, పోయినవి, కాలం చెల్లినవి. జనం భయపడినవి అని గడి లేదు. తీర్మానం జత చేసి పంపితే పైనుంచి ప్రశ్నలు వస్తాయి, ఎందుకు తెప్పించావని నన్నే అడుగుతారు. చిరిగిపోయినవి అన్న గడిలో గుర్తు పెట్టాను. తర్వాత నాకు కొత్త దిగులు పట్టుకుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తే అవి చక్కగా ఉన్నాయే! రాసింది అబద్ధం కాకూడదు కదా. తలుపు దగ్గరగా వేసి, ఆరు పుస్తకాల అట్టలూ నా చేతులతో చింపాను. నా ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక పుస్తకాన్ని చింపింది అప్పుడొక్కసారే. పని మాత్రం పద్ధతిగా చేశాననే ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మర్నాడు అంతమ్మ వచ్చింది. మీటింగులో ఏం జరిగిందో ఊరంతా తెలిసిపోయింది కాబట్టి ఆమె ఏమీ అడగలేదు. నేనే ముందు మాట్లాడాను. అఆల నుంచి మొదలయ్యే ఒక వాచకం చేతిలో పెట్టి, ఇది పద్ధతిగా నేర్పుతుంది అన్నాను. వారం తర్వాత తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇందుల అరటిపండు ఉన్నది, ఆవు ఉన్నది. తర్వాత ఏమైతదో చూడాల్నని మనసైతలేదు సారు. ఐదోది ఒక్కటియ్యున్రి. ఈడ్నే కూసోని, నోరు తెరవకుండ చదువుకొని ఇచ్చిపోత."

చింపిన పుస్తకాల కట్ట ఆ సమయానికి నా బల్ల కిందే ఉంది. నా మోకాలికి తగులుతూనే ఉంది.

"రిజిస్టర్ల నుంచి కొట్టేసినంక అది పుస్తకం కిందికి రాదవ్వా. ఇయ్యొద్దు. రూలు."

"అట్లనా" అన్నది. ఆ తర్వాత పుస్తకం కోసం రాలేదు. ఆ కట్టను దసరాకు ముందు చిత్తు కాగితాలతో పాటు తీసుకుపోయారు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు గ్రంథాలయం ముందు ఆటో దిగి, గడప దగ్గర ఆగి, తనే చెప్పింది. వార్డెనమ్మ పట్టిక ముందు నిలబెట్టి చదవమన్నదట.

"పదకొండు పేర్లు చదివిన సారు. జ్యోత్స్న కాడ ఆగిపోయిన. గంత పెద్ద ఒత్తు ఎన్నడు చూడలే. ఆమె మంచిదే, ఇంకో దినం ఇచ్చింది. మళ్ల గాడ్నే ఆగిన."

నవ్వుతూనే చెప్పింది. గేటు కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. అంతమ్మకు చీపురే మిగిలింది, మూడంతస్తులూ మిగిలాయి. నాకు సంక్రాంతిలోపే షాబాద్ బదిలీ వచ్చింది. వీడ్కోలు రోజు పటేలు శాలువా కప్పి, పిల్లల మంచి చూసిన ఆఫీసరని మెచ్చుకున్నాడు. వంగి కప్పించుకున్నాను.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఏదో పనిమీద మొయినాబాద్ వెళ్లి, బస్టాపులో నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో మోచేయి తట్టారు.

"బాపూ, ఈ బస్సు చేవెళ్ల పోతదా?"

బస్సు నెత్తి మీద బోర్డు ఉంది, చెయ్యంత పొడవు అక్షరాలతో. తిరిగి చూస్తే అంతమ్మ. చేతిలో కర్ర, మోకాళ్లు దూరం దూరంగా వంగిపోయాయి. నుదుటి మీద తెల్లటి గీత. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక ముఖం విప్పారింది. అదే నేను తట్టుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది. హాస్టల్ పని మానేసి రెండేళ్లయిందని, ఇక మెట్లు ఎక్కలేకపోయానని చెప్పింది. చదువు ఏమైందని నేను అడగలేదు. బోర్డు కింద నిలబడి అడగాల్సిన ప్రశ్న కాదు అది.

ఆమే అడిగింది. "సారు, అప్పటిసంది ఒకటి మనసుల ఉన్నది. గా గుడిసె కాలింది గదా. ముసల్ది బతికిందా?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. బతికింది అవ్వా అంటే సరిపోయేది. కానీ ఆమెకు ఒకసారి ఇచ్చిన మాట తప్పాను, మళ్లీ అబద్ధం చెప్పలేకపోయాను.

"నాకు తెల్వదవ్వా. నేను చదవలే."

"ఐదోది చదవలేదా?"

"ఒక్కటి గూడ చదవలే."

"మీటింగుల ఉన్నోళ్లు?"

"వాళ్లు గూడ."

బస్సు కదలబోతుంటే కండక్టర్ అరుస్తున్నాడు. నేను ఆమె చేయి పట్టుకుని మెట్టు ఎక్కించాను. పైకి ఎక్కాక కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మరి అవి చెడ్డయని ఎట్ల తెలిసింది సారు?"

బస్సు వెళ్లిపోయింది. ఆ ఆరు పుస్తకాల కోసం తర్వాత పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను, దొరకలేదు. ఆ పుస్తకం పిల్లలకు ఇవ్వదగినదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కాకపోవచ్చు కూడా. కానీ ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ పుస్తకం మీద ఫిర్యాదు వచ్చినా ముందు దాన్ని ఇంటికి తీసుకుపోయి చివరి పేజీ దాకా చదివేవాణ్ని. తర్వాత దాన్ని ఎవరెవరు తీసుకుపోతున్నారో చూసి, వాళ్లను పిలిచి మీటింగులో కూర్చోబెట్టేవాణ్ని. అంతమ్మ వస్తానన్న రోజు నేను వద్దన్నాను. వసారాలో ఆ పీట మీద ఇంకో వారం కూర్చుని ఉంటే, ఆమె ఐదో భాగం చదివి, ఆ ముసలిది బతికిందో లేదో నాకే చెప్పేది.